మిక్సీలో మొక్కల పాలు: కిటుకంతా నీళ్ళ వేడిలోనే

మా ఆయనకి పాలు పడవని మాకు అర్థమవడానికి పెళ్ళయ్యాక ఆరేళ్ళు పట్టింది. పొద్దున్నే కాఫీ, పది గంటలకల్లా కడుపుబ్బరం, ఆఫీసు దారిలో గ్యాస్ మాత్ర, రోజూ ఇదే వరస. చివరికి ఒక డాక్టరు గారు రెండు వారాలు పాలు పూర్తిగా మానేసి చూడమన్నారు. మానేశారు, తగ్గిపోయింది. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరని అరిగించే ఎంజైమ్ పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గుతుంది, మన దగ్గర ఇదేమీ వింత జబ్బు కాదు. మానడం వరకు బాగానే ఉంది గానీ, కాఫీ లేకుండా ఆ మనిషితో పొద్దున పూట మాట్లాడటం నా వల్ల కాలేదు.

అలా మొదలైంది మా ఇంట్లో ఈ మొక్కల పాల వ్యవహారం. ముందు బాదంతో చేశాను, బ్రహ్మాండంగా వచ్చాయి. ఆ ధైర్యంతో అదే పద్ధతిలో సోయా గింజలు నానబెట్టి తిప్పితే పచ్చి చిక్కుడుకాయ నమిలినట్టు వాసన, ఒక్క గుక్క కూడా దిగలేదు. ఓట్స్ వేస్తే పాలకి బదులు పోస్టర్లంటించే మైదా జిగురు వచ్చింది. ఫ్రిజ్ నీళ్ళు పోసి కొబ్బరి తిప్పితే వెన్నలాంటి ముద్దలు జారు గోడకి అంటుకుపోయి కింద ఉత్త తెల్ల నీళ్ళు మిగిలాయి. అంతా చూస్తున్న మా అత్తగారు, అమలాపురం మనిషి, "కొబ్బరికి చన్నీళ్ళు పోస్తారటమ్మా ఎవరైనా" అన్నారు. అక్కడ వెలిగింది నాకు. మిక్సీ అదే, గుడ్డ అదే, మారాల్సింది నీళ్ళ వేడి.

అందుకే ముందు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. సోయాకి రుబ్బేముందు ఉడకడానికి మరిగే నీళ్ళు, కొబ్బరికి గోరువెచ్చని నీళ్ళు, బాదం జీడిపప్పులకి కుండలో నీళ్ళు, ఓట్స్‌కి ఐసు నీళ్ళు. పల్లీలు సోయాకి చుట్టాలు కాబట్టి వాటికీ వేడే. ఎందుకో ఒక్కోదాని దగ్గర చెప్తాను, ఎందుకో తెలిస్తే కొలతలు మర్చిపోయినా పని నడుస్తుంది.

ముందు మిక్సీ సంగతి

కొత్త మెషీన్లేవీ కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్న 500 వాట్ల మిక్సీ చాలు, 750 అయితే ఇంకా మెత్తగా వస్తుంది. మూడు జార్లలో పెద్దది, లీటరున్నర పట్టేది వాడండి, చట్నీ జారు దీనికి పనికిరాదు. అయితే పెద్ద జారు కదా అని నిండా పోయకండి, సగం దాటకూడదు.

అందరూ చేసే తప్పు ఒకటుంది, నీళ్ళన్నీ ఒకేసారి పోసేయడం. నీళ్ళెక్కువైతే గింజలు బ్లేడుకి దొరక్కుండా గిరగిరా తిరుగుతూ ఉంటాయి, ఐదు నిమిషాలు తిప్పినా పలుకులు పలుకులుగానే ఉంటాయి. దోసెల పిండికి ఎలా చేస్తామో అలాగే ముందు గింజలు మునిగీ మునగనట్టు కాసిని నీళ్ళు పోసి చట్నీలా రుబ్బండి, వేళ్ళ మధ్య నలిపి చూస్తే బరక తగలకూడదు, ఆ తర్వాత మిగతా నీళ్ళు పోసి ఇంకో అర నిమిషం తిప్పండి. ఒక నిమిషం తిప్పడం, ఒక నిమిషం ఆపడం. గట్టి పిండి మీద ఆపకుండా తిప్పితే మోటారు వేడెక్కి టప్పున ఆగిపోతుంది. కాలిపోయిందేమో అని టెన్షన్ పడకండి, చాలా మిక్సీలకి అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది, ప్లగ్ తీసేసి పావుగంట చల్లారనిచ్చి ఆ బటన్ నొక్కితే మళ్ళీ తిరుగుతుంది.

ఇంకొకటి, మూత లోపల ఉండే రబ్బరు వాషరు. పొద్దున్న అల్లం వెల్లుల్లి తిప్పిన జారులోనే సాయంత్రం బాదం పాలు చేశాను ఒకసారి, జారు సబ్బుతో రెండుసార్లు కడిగాను కూడా. చుట్టాలకి గ్లాసుల్లో పోసి ఇచ్చాక మా ఆడపడుచు "వదినా, ఇందులో వెల్లుల్లి వేశావా?" అంది. వాసనంతా ఆ రబ్బరులోనే దాక్కుంటుంది. దాన్ని ఊడదీసి నిమ్మచెక్కతో రుద్ది ఎండలో పెట్టండి, లేదంటే పాల కోసం విడిగా ఒక వాషరు కొనుక్కోండి, పెద్ద ఖర్చేం కాదు.

వడగట్టడానికి టీ వడపోత సరిపోదు, పిండి జల్లెడ వెంటనే మూసుకుపోతుంది. అన్నిటికన్నా మంచిది పాత నూలు పంచె, బాగా ఉతికి ఉతికి పలచబడింది. మూరెడు చింపి, సబ్బు వాసన పోయేదాకా మరిగే నీళ్ళలో వేసి తీసి పెట్టుకోండి. నైలాన్ సంచులు కూడా అమ్ముతున్నారు, వాటిని కడగడం తేలిక. వేడి వేడి సోయా ముద్దని పిండేటప్పుడు మాత్రం నాకు నూలు గుడ్డే చేతికి నచ్చుతుంది.

సోయా పాలు

ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే, ఎందుకంటే ఆవు పాలకి ప్రొటీన్‌లో దీటుగా నిలుస్తుంది ఇది. ఇంట్లో చిక్కగా చేసిన సోయా పాలలో 100 మిల్లీలీటర్లకి ఇంచుమించు 3 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పైగా గింజలు చవక. ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు వేలాది ఎకరాల్లో సోయా వేస్తారు, అయినా మనం వాడేది మీల్ మేకర్ రూపంలోనే. కిరాణాలో అడిగేటప్పుడు సోయా చిక్కుడు గింజలు అనండి, ఉత్త సోయా అంటే మీల్ మేకర్ ప్యాకెట్ చేతిలో పెడతారు. విత్తనాల షాపులో మాత్రం తీసుకోకండి, వాటికి మందు పట్టించి ఉంటారు.

100 గ్రాముల గింజలు తీసుకోండి, చిన్న టీ గ్లాసు పైన కొంచెం. కడిగి నాలుగింతల నీళ్ళలో రాత్రి నానబెట్టండి, ఎనిమిది నుంచి పది గంటలు. మే నెలలో అయితే బయట వదిలేయకండి, పొద్దున్నకి నురగ తేలి పులిసిన వాసన వస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టండి. నానాయో లేదో తెలుసుకోవాలంటే ఒక గింజని రెండు బద్దలుగా చీల్చి లోపలి వైపు చూడండి. బద్ద లోపలంతా చదునుగా, ఒకే రంగులో ఉంటే నానినట్టు. మధ్యలో చిన్న గుంటలా ఉండి అక్కడ ముదురు పసుపు కనిపిస్తే ఇంకో రెండు గంటలు ఆగాలి.

ఇప్పుడు అసలు మెలిక. సోయాలో లైపాక్సిజనేజ్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది. గింజ పగిలి నీళ్ళూ గాలీ తగలగానే అది లోపలి నూనె మీద పనిచేసి ఆ పచ్చి చిక్కుడు వాసన పుట్టిస్తుంది. నిమిషాల్లో జరిగిపోతుంది ఇది, ఒకసారి వాసన పుట్టాక ఎంత మరిగించినా, ఎన్ని యాలకులు వేసినా పూర్తిగా పోదు. అంటే చన్నీళ్ళలో రుబ్బి తర్వాత కాచడమంటే దొంగ పారిపోయాక తాళం వేసినట్టే. గింజ పగలకముందే వేడితో ఆ ఎంజైమ్‌ని చంపేయాలి.

కాబట్టి నానిన గింజల నీళ్ళు పారబోసి, వేరే గిన్నెలో నీళ్ళు తెర్లుతుండగా పావు చెంచా వంట సోడా వేసి, అందులో గింజలు వేసి ఐదు నిమిషాలు ఉడకనివ్వండి. గింజలు వేయగానే మరుగు ఆగుతుంది, మళ్ళీ మరుగు పట్టిన దగ్గర్నుంచి ఐదు నిమిషాలు లెక్క. కుక్కర్లో పెట్టి మెత్తగా ఉడికించకండి, ప్రొటీన్ గింజలోనే బిగుసుకుపోయి పాలలోకి దిగదు, పాలు పలచనైపోతాయి. ఆ నీళ్ళు కూడా వార్చేసి, గింజలు కడిగి, వెచ్చగా ఉండగానే అరచేతులతో నలిపితే పొట్టు ఊడి నీళ్ళ మీద తేలుతుంది. తేలినంత తీసేయండి. మొత్తం తీయాలని కూర్చోకండి, కాస్త ఉన్నా నష్టం లేదు.

రుబ్బేటప్పుడు జాగ్రత్త. మరిగే నీళ్ళు మిక్సీలో పోసి మూత బిగించి మూడో నంబరు మీద పెడితే ఏమవుతుందో మా వంటింటి సీలింగ్ మీద మరక చెప్తుంది. ఆవిరికి దారి లేక మూత ఎగిరింది, అదృష్టం బాగుండి నా మొహం పక్కన ఉంది. ఎంజైమ్ పని ఎలాగూ ఉడికించినప్పుడే అయిపోయింది కాబట్టి ఇప్పుడు మరిగే నీళ్ళ అవసరం లేదు, చెయ్యి పెట్టగలిగేంత వేడి చాలు. ఒక గ్లాసు నీళ్ళతో మెత్తగా రుబ్బి, మిగతా నీళ్ళు బయట గిన్నెలో కలుపుకోండి. మొత్తం నీళ్ళు కాఫీకైతే 700 మిల్లీలీటర్లు, గ్లాసులో తాగడానికైతే 900 దాకా పోయొచ్చు.

గుడ్డలో వేసి మూట కట్టి, గిన్నె మీద పెట్టి పిండండి. మొదట వట్టి చేత్తో, తర్వాత మెలితిప్పి. పిప్పి చేతిలో పొడిపొడిగా విడిపోయేదాకా.

ఇక కాచడం. మందపాటి అడుగున్న గిన్నె, పాలు పోసేముందు అడుగున రెండు చెంచాల నీళ్ళు తిప్పండి, అంటుకోవడం తగ్గుతుంది. గిన్నె సగం ఖాళీగా ఉండాలి. మధ్యస్తం మంట మీద పెట్టి గరిటె వదలకుండా కలుపుతూ ఉంటే, ఇంకా మరగకముందే, 80 డిగ్రీలు దాటుతుండగానే నురగ బుసబుసా పైకి లేస్తుంది. దీన్ని మా ఇంట్లో దొంగ పొంగు అంటాం. సోయాలో కుంకుడుకాయలో ఉండే జాతి పదార్థం, సాపోనిన్, ఉంటుంది, ఆ నురగ దాని పనే. పొంగింది కదా అని స్టవ్ కట్టేస్తే పాలు ఉడకనట్టే. పచ్చి సోయాలో ప్రొటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థాలున్నాయి, సరిగ్గా కాయని పాలు తాగితే వికారం, కడుపు నొప్పి వస్తాయి. నురగ తీసి పారేసి, మంట సిమ్‌లోకి తగ్గించి, అసలు మరుగు పట్టాక 15 నిమిషాలు ఉంచండి. అడుగున గరిటె ఆడుతూనే ఉండాలి.

చల్లారేటప్పుడు పైన తొరక కడుతుంది. తీసి పారేయకండి, జపాన్‌లో దాన్ని యూబా అని పనిగట్టుకుని తయారు చేసి అమ్ముతారు. నేనైతే స్టవ్ పక్కనే నిలబడి కాస్త ఉప్పూ మిరియాల పొడీ చల్లుకుని తినేస్తాను.

పల్లీ పాలు

రాయలసీమ వాళ్ళకి బుడ్డలు, కోస్తాలో వేరుశెనగ గుళ్ళు, మా తెలంగాణలో పల్లీలు. వీటితో పాలు కొత్త ఆలోచనేం కాదు. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్ళు 1970ల నాటికే పల్లీ ప్రొటీన్‌ని గేదె పాలతో కలిపి మిల్టోన్ అనే పానీయం తయారు చేశారు, ఉన్న పాలు ఎక్కువమందికి సరిపోవాలని.

వండే ముందు ఏరడం ముఖ్యం. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి, నోట్లో వేసుకుంటే చేదుగా ఉన్నవి నిర్దాక్షిణ్యంగా తీసేయండి. పల్లీలకి పట్టే బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మరిగిస్తే పోయేది కాదు.

ఒక కప్పు పచ్చి పల్లీలు ఆరు గంటలు నానబెట్టి, మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, పొట్టు నలిపి తీసి, నాలుగు కప్పుల నీళ్ళతో సోయాలాగే రుబ్బి వడగట్టండి. తర్వాత ఒక ఐదు నిమిషాలు మరగనివ్వండి. వేయించిన పల్లీలతో కూడా చేయొచ్చు, కమ్మగా ఉంటాయి గానీ కాఫీలో పోస్తే పల్లీ చట్నీ గుర్తొస్తుంది. ఈ పాలు గ్లాసులో పోసి ఉంచితే పైన మీగడలా తేలి కింద పలచనవుతాయి, పాడైనట్టు కాదు, కలుపుకుని తాగడమే. పల్లీ ఎలర్జీ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే మాత్రం ఆ జారూ గుడ్డా వాళ్ళ దగ్గరికి రానీయకండి.

కొబ్బరి పాలు

ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కాయ ముదురుగా ఉండాలి, ఊపితే నీళ్ళు గలగలమనాలి. లేత కాయలో పాలుండవు. చిప్ప నుంచి కొబ్బరి తీసి, తెల్లగా కావాలంటే వెనక గోధుమరంగు తొక్క చెక్కేసి, ముక్కలు చిన్నగా కోసి ముందు నీళ్ళు లేకుండా రెండు మూడుసార్లు ఆపి ఆపి తిప్పండి. కోరులా అయ్యాక ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు పోసి ఒక నిమిషం.

గోరువెచ్చగా ఎందుకంటే, కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, చలికాలంలో సీసాలో చూస్తూనే ఉంటాం కదా. కొబ్బరి పాల రుచంతా ఆ నూనెలోనే ఉంది. చల్ల నీళ్ళు పోస్తే అది బిగుసుకుని పిప్పిలోనే ఉండిపోతుంది. వెచ్చని నీళ్ళయితే కరిగి నీళ్ళతో కలిసి వచ్చేస్తుంది. మా అత్తగారు నీళ్ళలో చిటికెన వేలు పెట్టి చూస్తారు, పసిపిల్లకి స్నానం పోసేంత వేడి అని ఆవిడ లెక్క.

మొదటిసారి పిండితే వచ్చేవి చిక్కటి పాలు, ఆ పిప్పినే మళ్ళీ గ్లాసున్నర నీళ్ళతో తిప్పితే పలచటి పాలు. రెండూ కలపకండి. కొబ్బరన్నానికి ఎసరుగా పలచటివి పోసి, చిక్కటివి కూరకో పాయసానికో స్టవ్ కట్టేశాక చివర్లో పోయాలి. గలగలా మరిగితే విరిగినట్టు నూనె తేలిపోతుంది. కాఫీ టీలకి మాత్రం నా ఓటు లేదు, ఎంత చేసినా కొబ్బరి కొబ్బరే. బయటి దేశాల్లో ఉన్నవాళ్ళు ఇండియన్ స్టోర్లో దొరికే ఫ్రోజెన్ కొబ్బరి కోరు వాడొచ్చు, ముందు పూర్తిగా కరిగి వెచ్చబడనివ్వండి, ఐసు మీద వేడి నీళ్ళు పోస్తే మళ్ళీ చన్నీళ్ళే అవుతాయి.

బాదం, జీడిపప్పు

చేతకాని వాళ్ళకి కూడా చెడిపోని పాలు ఇవి. బాదం ఒక కప్పు రాత్రి నానబెట్టి, పొద్దున్నే పొట్టు ఒలిచి, నాలుగు కప్పుల మామూలు నీళ్ళతో రుబ్బి పిండితే అయిపోయింది, కాయక్కర్లేదు. పొట్టు తీయకపోతే కాస్త వగరు, రంగు ముదురు, అంతే. నీళ్ళు ఎక్కువ పోసుకోవాలని ఆశపడకండి. ప్యాకెట్ల వెనక చిన్నక్షరాలు చదివితే చాలావాటిలో బాదం నూటికి పది పాళ్ళ లోపే, మిగతాది నీళ్ళు, చిక్కదనం కోసం గమ్. మనం చేసేది కనీసం ఆ బాదం రుచి తెలిసేలా ఉండాలి.

జీడిపప్పు ఇంకా సులువు, వడగట్టక్కర్లేదు కూడా. గుండ్లు కొనకండి, పలాస నుంచి వచ్చే బద్దలో ముక్కలో చాలు, మిక్సీకి అందచందాలతో పనిలేదు. నాలుగు గంటలు నానబెట్టి ముద్దలా మెత్తగా రుబ్బి ఐదింతల నీళ్ళు కలపండి. వేడి చేస్తే చిక్కబడుతుంది, దాంట్లో గంజి పదార్థం ఉంది, కాబట్టి టీలో పోసి మరిగించేటప్పుడు కొంచెం పలచగానే ఉంచుకోండి. మా ఇంట్లో టీకి ఇదే ఖాయం అయింది.

ఓట్స్ పాలు

ఇక్కడ అన్నీ తిరగేసి చేయాలి. నానబెట్టకూడదు, ఎక్కువసేపు తిప్పకూడదు, గట్టిగా పిండకూడదు. ఓట్స్‌లో ఉండే గంజి వేడి తగిలితే ఉబ్బి చిక్కబడుతుంది, బీటా గ్లూకాన్ అనే పీచు నలిగేకొద్దీ జిగురు వదులుతుంది. మిక్సీ బ్లేడు రాపిడికే నీళ్ళు వేడెక్కుతాయి, అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో ఉండే పెద్ద పవర్ బ్లెండర్లయితే మరీను, రెండు నిమిషాలు తిప్పితే చేతికి తెలుస్తుంది ఆ వెచ్చదనం.

ఒక కప్పు రోల్డ్ ఓట్స్ తీసుకోండి, మూడు నిమిషాల్లో ఉడికే ఇన్‌స్టంట్ రకం వద్దు. జల్లెడలో వేసి ఒకసారి చన్నీళ్ళు పోసి కడిగి, మూడున్నర కప్పుల ఫ్రిజ్ నీళ్ళు, నాలుగు ఐసు ముక్కలు, చిటికెడు ఉప్పు వేసి 25 నుంచి 30 సెకన్లు. అంతే, ఆపేయండి. ముందు రుబ్బి తర్వాత నీళ్ళు పోయాలన్న నా నియమం దీనికి వర్తించదు. గుడ్డలో పోసి దానంతట అదే కారనివ్వండి, చివర్లో మెల్లగా ఒక్కసారి ఒత్తండి, మెలితిప్పారా, జిగురు మొత్తం కిందికి దిగుతుంది.

ఇంత చేసినా ఈ పాలు స్టవ్ ఎక్కిస్తే గంజి కావలసిందే. మరి కాఫీ షాపులో ఓట్ పాలు ఎందుకు చిక్కబడవు? వాళ్ళు ఎంజైమ్ కలిపి గంజిని ముందే చక్కెరలుగా విరగ్గొడతారు, అందుకే పంచదార వేయకపోయినా తియ్యగా ఉంటాయి. స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ పరిశోధకులు 1990ల్లో ఈ పద్ధతి కనిపెట్టాక అక్కడి నుంచే ఓట్లీ కంపెనీ పుట్టింది. ఆ సూత్రం మన అమ్మమ్మలకి వేరే రూపంలో తెలుసు, మొలకెత్తిన రాగుల పిండితో కాచిన జావ మామూలు పిండి జావ కన్నా పలచగా, కాస్త తియ్యగా ఉండేది అందుకే. ఇంట్లో చేసిన ఓట్స్ పాలు స్మూతీలకీ, చల్లగా తాగడానికీ ఉంచుకోండి, వేడి కాఫీకి సోయా ఉండనే ఉంది.

కాఫీలో విరగకుండా

సోయా పాలు కాఫీలో విరిగి తునకలు తునకలు అవుతున్నాయని చాలామంది వదిలేస్తారు. డికాక్షన్‌లో పులుపు ఉంటుంది, బాగా వేడి డికాక్షన్‌లో ఫ్రిజ్ పాలు గబుక్కున పోస్తే ప్రొటీన్ ముద్ద కట్టేస్తుంది, టోఫు, అదే సోయా పనీర్, చేసినట్టే. పాలు ముందు వేడి చేయండి, డికాక్షన్ రెండు నిమిషాలు ఆరనివ్వండి, కప్పులో పాలు పోసి వాటిలోకి డికాక్షన్ సన్నగా పోస్తూ కలపండి. అయినా విరుగుతుంటే గ్లాసు పాలకి గోరంత వంట సోడా, అంతకన్నా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. బెల్లం కాఫీ అలవాటున్నవాళ్ళు బెల్లం చివర్లో వేసుకోండి, ఆవు పాలని విరగ్గొట్టే బెల్లం వీటిని మాత్రం ఎందుకు వదులుతుంది?

పెరుగు కూడా తోడుకుంటుంది, సోయా, పల్లీ పాలతో. వేలు పెట్టగలిగే వేడి దగ్గర రెండు చెంచాల పెరుగు కలిపి మూత పెట్టండి. ఆవు పెరుగు అసలే వద్దనుకునేవాళ్ళు కడిగిన పచ్చిమిరపకాయ తొడిమలు ఐదారు వేసి పది పన్నెండు గంటలు వదిలేస్తే అదే తోడు. మొదటి గిన్నె తినడానికి బాగుండదు, దాన్నే తోడుగా వాడి చేసిన రెండో గిన్నె గట్టిగా వస్తుంది. మజ్జిగ పులుసుకి పల్లీ పెరుగు భలే కుదురుతుంది.

పిప్పిని ఏం చేయాలి

సోయా పిప్పి ఇంకా పచ్చిదే అని మర్చిపోకండి, వండకుండా తినకూడదు. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, శెనగపిండి కలిపి పకోడీ వేస్తే ఎవరూ కనిపెట్టలేరు. చపాతీ పిండిలో నాలుగో వంతు కలపొచ్చు. కొబ్బరి పిప్పిని సన్న సెగ మీద వేయించి ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పుతో కారప్పొడి కొట్టండి, నూనె సగం పోయింది కాబట్టి ఎక్కువ రోజులు పొడిపొడిగా ఉంటుంది. బాదం పిప్పి లడ్డూలోకి, మిగిలితే ఆదివారం నలుగులోకి. ఓట్స్ పిప్పి జిగురుగా ఉంటుంది, దోసె పిండిలో కలిపేస్తాను, లేదంటే మొక్కల మొదట్లో.

ఎన్ని రోజులు ఉంటాయి, ఎవరికి వద్దు

కాచిన సోయా, పల్లీ పాలు గాజు సీసాలో ఫ్రిజ్‌లో మూడు రోజులు. కాయని బాదం, జీడిపప్పు, ఓట్స్ రెండు రోజులు. కొబ్బరి పాలు ఏ రోజువి ఆ రోజే, మిగిలితే ఐసు ట్రేలో గడ్డకట్టించి కూరల్లోకి వాడుకోవాలి. అడుగున తేరుకోవడం మామూలే, ఊపితే కలిసిపోతుంది. ఊపినా కలవకుండా తరకలు కనిపిస్తే, పుల్లటి వాసన వస్తే రుచి చూడటం కూడా వద్దు.

ఏడాది నిండని పిల్లలకి తల్లి పాలకో డాక్టరు చెప్పిన ఫార్ములాకో బదులుగా వీటిలో ఏదీ పట్టకూడదు. ఏడాది దాటిన చిన్నపిల్లలకి కూడా పిల్లల డాక్టరుని అడిగే మొదలుపెట్టండి. ఆవు పాలలో 100 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, ఇంట్లో చేసిన సోయా పాలలో అందులో నాలుగో వంతు కూడా కష్టమే, బి12 విటమిన్ అసలే లేదు. ప్యాకెట్ వాళ్ళలో చాలామంది ఇవి విడిగా కలుపుతారు, మనం కలపలేం. కాబట్టి పాలు పూర్తిగా మానేసినవాళ్ళు రాగులు, నువ్వులు, మునగాకు కంచంలోకి తెచ్చుకోవాలి, 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంది. బి12 మాత్రం ఏ ఆకులోనూ దొరకదు, పరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు దాంతోపాటు సోయా పాలు తాగకండి, మాత్ర ఒంటికి పట్టడం తగ్గుతుంది, ఎంత ఎడం ఉండాలో మీ డాక్టరు చెప్తారు.

మెషీన్ కొనాలా అని అడిగేవాళ్ళకి

సోయా పాల మెషీన్లు చైనాలో చాలా ఇళ్ళలో ఉంటాయి, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇక్కడా దొరుకుతున్నాయి. లోపలే హీటరు ఉంటుంది, కొన్ని రకాలు ముందు నీళ్ళు కాచి ఆ తర్వాతే బ్లేడు తిప్పుతాయి, అంటే మనం విడిగా ఉడికించే పనిని అదే చేస్తుంది. రోజూ లీటరు పాలు కావాలి, పొద్దున్న టైము లేదు అనుకుంటే కొనండి. వారానికి రెండుసార్లు చేసుకునేవాళ్ళకి దండగ, పైగా ఆ హీటరు దగ్గర అంటుకున్న మాడుని గీకడం మిక్సీ జారు కడగడం కన్నా పెద్ద పని. ఇంట్లో టిల్టింగ్ గ్రైండర్ ఉంటే అరకిలో సోయా ఒకేసారి రుబ్బుకోవచ్చు, రాయి కాబట్టి మిక్సీ కన్నా మెత్తగా వస్తుంది, పాలు కూడా ఒక గ్లాసు ఎక్కువే దిగుతాయి.

ఏది వాడినా, పని అయిన వెంటనే జారులో నీళ్ళు పోసి ఒకసారి తిప్పేయండి, గుడ్డని చన్నీళ్ళలో జాడించండి. ముందే వేడి నీళ్ళు పోస్తే ప్రొటీన్ నూలు పోగుల్లో బిగుసుకుపోయి, మర్నాటికి గుడ్డ అట్టలా తయారవుతుంది, ఇక దాన్ని పారేయడమే. గుడ్డ దగ్గర మాత్రం అత్తగారు అన్న మాట తిరగబడింది, దీనికి చన్నీళ్ళే పోయాలి.